మెకంజీ చిత్రపటం (1816): తైలవర్ణ సాంకేతికత, రాజకీయార్థం – నంద్యాల, ఆళ్లగడ్డ సీమ కోణంలో పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఐరిష్ చిత్రకారుడు థామస్ హికీ 1816లో మద్రాసులో కర్నల్ కాలిన్ మెకంజీ చిత్రపటాన్ని తైలవర్ణాలతో రచించాడు. మెకంజీతో పాటు ముగ్గురు భారతీయ సహాయకులు కనిపించే ఈ చిత్రం ప్రస్తుతం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తెలుగు ప్రాంత చరిత్రకు ప్రధాన ఆకరాలైన కైఫియత్తుల సేకరణ ఏ అధికార సంబంధాల నడుమ జరిగిందో ఈ చిత్రం కళ్లకు కట్టిస్తుంది. చిత్రంలోని వస్తు విన్యాసాన్ని, నూనె రంగుల పనితనాన్ని కలిపి చదివి, దాని రాజకీయార్థాన్ని నిర్ధారించడం, ఆ అర్థాన్ని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత చరిత్రతో అన్వయించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: కాలిన్ మెకంజీ, థామస్ హికీ, కావలి వెంకట లక్ష్మయ్య, తైలవర్ణ చిత్రం, కైఫియత్తులు, దత్త మండలాలు, నంద్యాల, ఆళ్లగడ్డ.

1. ఉపోద్ఘాతం:
తెలుగు ప్రాంతాల స్థానిక చరిత్రను రాసేవారెవరూ మెకంజీ కైఫియత్తులను దాటి పోలేరు. గ్రామ కరణాల దండకవిలెలు, ఆలయ స్థానాచార్యుల కథనాలు, పాళెగాళ్ల వంశావళులు, శాసన ప్రతులు ఆ సంపుటాల్లో చేరాయి. వాటిని తెలుగు పరిశోధకులు ప్రధానంగా వాచక ఆకరాలుగానే వినియోగించారు. ఆ సేకరణ వ్యవస్థను చిత్రరూపంలో నిలిపిన హికీ చిత్రపటం మాత్రం చాలా పుస్తకాల్లో మెకంజీ రూపురేఖలు చూపే బొమ్మగా మిగిలిపోయింది.

చిత్రపటం సాక్ష్యం కూడా. ఎవరిని మధ్యలో నిలబెట్టారు, ఎవరి చేతికి ఏ వస్తువు ఇచ్చారు, ఏ రంగుకు ఎంత చోటు దక్కింది, ఏ మాధ్యమాన్ని ఎంచుకున్నారు అన్న ప్రశ్నలకు చిత్రమే సమాధానం చెబుతుంది. శాసనాన్ని చదివేవారు అక్షరంతో పాటు రాయిని కూడా పరిశీలించినట్లే, తైలవర్ణ చిత్రాన్ని చదివేవారు బొమ్మతో పాటు రంగు పొరను కూడా పరిశీలించాలి.

2. చారిత్రక నేపథ్యం:
స్కాట్లాండ్‌లోని లూయిస్ ద్వీపానికి చెందిన మెకంజీ 1783లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరాడు. 1792 శ్రీరంగపట్నం సంధి ప్రకారం టిప్పు సుల్తాన్ వదులుకున్న భూముల్లో కడప, గండికోట ప్రాంతాలు నిజాం వాటాకు వచ్చాయి. నిజాం పొందిన ఆ భూముల భౌగోళిక వివరాలు సేకరించే పని మెకంజీకి అప్పగించారు. 1794లో అతడు శ్రీశైలాన్ని దర్శించి రాసిన వివరణ ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ అయిదో సంపుటంలో అచ్చయింది. నేటి నంద్యాల జిల్లా పరిధిలోని శ్రీశైలం ఆ విధంగా అతని తొలి రచనల్లో ఒకదానికి వస్తువైంది.

1799లో టిప్పు మరణించాక మెకంజీ మైసూరు సర్వేకు నాయకత్వం వహించాడు. 1800 అక్టోబరు 12న నిజాం తన సైనిక వ్యయానికి బదులుగా కంపెనీకి ఇచ్చిన భూములు దత్త మండలాలు అయ్యాయి. థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు అక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండి, దాదాపు 80 మంది పాళెగాళ్ల అధికారాన్ని అణచి, రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. 1809 నుండి 1815 వరకు మెకంజీ పర్యవేక్షణలో దత్త మండలాల సర్వే జరిగింది. 1810లో మద్రాసు సర్వేయర్ జనరల్‌గా, 1815లో మొత్తం భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్‌గా అతడు నియమితుడయ్యాడు. 1817లో మద్రాసు విడిచి కలకత్తాకు వెళ్లాడు. నియామకానికీ ప్రయాణానికీ మధ్య కాలంలో ఈ చిత్రం రూపొందింది. కనుక ఇది మద్రాసులో ఒక ఉద్యోగ దశ ముగింపును, అధికార శిఖరాన్ని ఏకకాలంలో గుర్తు చేసే చిత్రం.

ఆ కాలంలో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం రాజకీయంగా రెండుగా చీలి ఉంది. నంద్యాల, సిరివెళ్ల సీమలు కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండగా, పక్కనే ఉన్న కోయిలకుంట్ల కంపెనీ పాలనలోని కడప జిల్లాలో ఉండేది. 1815 చివర వారసత్వ వివాదం నెపంగా కంపెనీ సైన్యం కర్నూలు కోటను ముట్టడించింది. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తొలగించాక నంద్యాల ప్రాంతం కూడా కంపెనీ పరమైంది. 1858లో కోయిలకుంట్ల కడప నుండి విడిపోయి కర్నూలు జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఈ రెండు భాగాలూ ఉన్నాయి. అంటే హికీ చిత్రం గీసిన సంవత్సరంలో ఈ జిల్లా నేల కొంత కంపెనీ కొలతలో ఉంది, కొంత దానికి వెలుపల ఉంది.

3. చిత్రకారుడు – యుద్ధచిత్రం నుండి సర్వే చిత్రానికి:
థామస్ హికీ 1741లో డబ్లిన్‌లో జన్మించాడు. ఇటలీలో, లండన్ రాయల్ అకాడమీ పాఠశాలలో శిక్షణ పొందాడు. 1784లో బెంగాలుకు వచ్చి కొన్నేళ్లు పనిచేశాడు. 1792లో మెకార్ట్నీ రాయబార బృందంతో చైనాకు వెళ్లాడు. 1798లో తిరిగి భారతదేశానికి వచ్చి, 1824లో మద్రాసులో మరణించాడు. బెంగాలులో గీసిన భారతీయ స్త్రీ చిత్రం, మైసూరులో 1805 ప్రాంతంలో గీసిన ముగ్గురు రాజవంశ స్త్రీల చిత్రం అతనికి పేరు తెచ్చాయి. భారతీయుల ముఖవర్ణాన్ని, వస్త్రాలను నూనె రంగుల్లో పట్టడంలో అతనికి దీర్ఘానుభవం ఉంది.

శ్రీరంగపట్నం పతనం తరువాత హికీ ఆ యుద్ధ ఘట్టాలపై ఏడు బృహచ్చిత్రాలు రచించాలని సంకల్పించాడు. సైనికాధికారుల ముఖచిత్రాలను సుద్దతో గీసి సిద్ధం చేసుకున్నాడు గానీ ఆ ప్రణాళిక నెరవేరలేదు. అంతకు ముందు 1792లో టిప్పు కుమారులను కార్న్‌వాలిస్‌కు బందీలుగా అప్పగించిన ఘట్టాన్ని రాబర్ట్ హోమ్, మేథర్ బ్రౌన్ వంటివారు చిత్రించారు. ఆ చిత్రాల్లో బాలురు, ఏనుగులు, సైన్యం, గవర్నర్ జనరల్ చాచిన చేయి కనిపిస్తాయి. అదే సంధితో చేతులు మారిన కడప సీమ భూమి మాత్రం వాటిలో కనిపించదు.

1816 నాటి మెకంజీ చిత్రంలో యుద్ధం లేదు. ఓడిన రాజు లేడు. గ్రంథం, దూరదర్శిని, విగ్రహం, కొలత స్తంభం ఉన్నాయి. భూమిని గెలిచే దశ ముగిసి, దాన్ని తెలుసుకుని నిలుపుకునే దశ మొదలైందని ఈ మార్పు సూచిస్తుంది. ఒకే చిత్రకారుని జీవితంలో యుద్ధచిత్రాల ప్రణాళిక ఆగిపోయి సర్వే చిత్రం పూర్తి కావడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ కంపెనీ పాలన స్వభావంలో వచ్చిన మార్పుకు అది సరిగ్గా అద్దం పడుతోంది.

4. చిత్ర విన్యాసం:
చిత్రం పరిమాణంలో చిన్నది. ఎత్తు సుమారు 2 అడుగులు. అరవై దాటిన మెకంజీ ఎర్రని సైనిక దుస్తుల్లో మధ్యన నిలబడి ఉన్నాడు. అతని చుట్టూ ముగ్గురు భారతీయులు ఉన్నారు. తాళపత్ర గ్రంథం పట్టుకున్న వ్యక్తిని జైన పండితుడు ధర్మయ్యగా, దూరదర్శిని పట్టుకున్న వ్యక్తిని బంట్రోతు కిష్నాజీగా, మరొకరిని కావలి వెంకట లక్ష్మయ్యగా పరిశోధకులు గుర్తించారు. వెనుక దూరాన కొండపై కార్కళ గొమ్మటేశ్వర విగ్రహం, సర్వేలో గుర్తుగా వాడే బుట్ట కట్టిన స్తంభం కనిపిస్తాయి.

ఈ వస్తువులు అలంకారం కోసం చేర్చినవి కావు. మెకంజీ సంస్థలోని నాలుగు పనులకు అవి నాలుగు గుర్తులు. తాళపత్రం వాచక సేకరణకు, దూరదర్శిని క్షేత్ర పరిశీలనకు, స్తంభం త్రికోణమితి కొలతకు, విగ్రహం పురావస్తు అన్వేషణకు ప్రతీకలు. 1432లో ప్రతిష్ఠితమైన కార్కళ విగ్రహం దక్షిణ కన్నడ ప్రాంతంలోనిది. చిత్రం రూపొందినది మద్రాసులో. కాబట్టి వెనుకనున్న దృశ్యం ఒక చోట నిలబడి చూసినది కాదు. సర్వే ఫలితాలను ఒక చట్రంలో చేర్చి కూర్చిన దృశ్యం. పటం కూడా చేసే పని ఇదే. వేర్వేరు చోట్ల, వేర్వేరు రోజుల్లో చేసిన కొలతలను ఒకే కాగితంపై ఒకే చూపుగా మార్చుతుంది. హికీ చిత్రం నిర్మాణంలోనే ఒక పటం.

గొమ్మట విగ్రహాన్ని ఎంచుకోవడం వెనుక ధర్మయ్య, కావలి బొర్రయ్యల పాత్ర ఉంది. జైనుల గురించి మెకంజీ పేరుతో ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ తొమ్మిదో సంపుటంలో వచ్చిన వ్యాసానికి ఆధారం బొర్రయ్య అనువదించిన సమాచారం. ప్రాచీన కన్నడ శాసనాల పఠనంలో ధర్మయ్య ముఖ్యుడు. అందువల్ల దూరాన ఉన్న విగ్రహానికీ, దగ్గర ఉన్న తాళపత్రానికీ మధ్య ఒక అర్థరేఖ సాగుతుంది. ఆ రేఖ మెకంజీ మీదుగా పోతున్నట్లు చిత్రం చూపుతుంది. చారిత్రకంగా అది సాగింది సహాయకుల మీదుగానే.

5. తైలవర్ణ సాంకేతికత:
నాటి ఐరోపా పద్ధతిలో తైలవర్ణ చిత్రం అనేక పొరల నిర్మాణం. చట్రానికి బిగించిన నార గుడ్డకు మొదట జిగురు పూస్తారు. దానిపై సీసపు తెలుపు కలిపిన నూనె పూత వేసి నునుపు చేస్తారు. పలుచని గోధుమ రంగుతో ఆకారాలను నిర్ణయిస్తారు. ఆపైన రంగు పొరలు క్రమంగా వస్తాయి. రంగులకు బంధకం అవిసె నూనె. అడుగు పొరల్లో నూనె తక్కువగా, పై పొరల్లో ఎక్కువగా ఉండాలన్నది మూలసూత్రం. ఆ క్రమం తప్పితే పైపొర ముందుగా బిగుసుకుని పగుళ్లు వస్తాయి. నూనె ఆరడానికి రోజులు పడుతుంది. ఆ ఆలస్యం వల్లే ముఖంలో వెలుగునీడలను ఒకదానిలో ఒకటి కలిపే అవకాశం చిత్రకారునికి కలుగుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే గుడ్డ సాగి వదులవుతుంది, జిగురు మెత్తబడుతుంది. కనుక మద్రాసు వంటి సముద్రతీర నగరంలో ఈ విద్య మరింత జాగ్రత్తను కోరుతుంది.

రాయలసీమ వాసులకు పరిచితమైన లేపాక్షి కుడ్యచిత్రాలతో పోలిస్తే తేడా స్పష్టమవుతుంది. అక్కడ సున్నపు గారపై జేగురు, పసుపు, నలుపు వంటి రంగులు సమతలంగా పరచుకుంటాయి. ఆకారాన్ని నల్లని రేఖ నిర్ణయిస్తుంది. వ్యక్తి హోదాను పరిమాణం, భంగిమ, నగలు తెలుపుతాయి. తైలవర్ణంలో రేఖ కరిగిపోయి, వెలుగు ఆకారాన్ని నిర్ణయిస్తుంది. ఎవరి ముఖంపై ఎంత వెలుగు పడాలన్నది చిత్రకారుని చేతిలో ఉంటుంది. కాబట్టి తైలవర్ణంలో వెలుగు పంపకం కూడా ఒక అధికార పంపకమే.

మెకంజీ చిత్రంలో కంటిని మొదట లాగేది ఎర్రకోటు. నాటి చిత్రకారులు ఇటువంటి ఎరుపును సాధారణంగా ఇంగిలీకం వంటి చిక్కని రంగుతో పరచి, దానిపై లక్క లేదా కొచినీల్ పురుగు నుండి తీసిన పారదర్శకమైన ఎరుపును పలుచగా పూసేవారు. అడుగు పొర నుండి తిరిగివచ్చే వెలుగు పైపొర గుండా రావడంతో రంగుకు లోతు కలుగుతుంది. బ్రిటిష్ సైన్యంలో అధికారుల కోటు గుడ్డకు కొచినీల్, సాధారణ సిపాయిల గుడ్డకు తక్కువ ధరలో దొరికే మంజిష్ఠ జాతి వేరు రంగు వాడేవారు. ఎరుపులో సైతం అంతస్తు ఉండేది. కోరమాండల్ తీరంలో చిరివేరు నుండి ఎరుపు తీసి బట్టలకు అద్దిన తెలుగు రంగరులకు ఆ భేదం వివరించనవసరం లేదు. కోటు ఎరుపు చిత్రంలో రాజ్యాధికారాన్ని ప్రకటిస్తుంది. సర్వేయరు పండితుడే గానీ, ముందుగా అతడు సైనికుడు.

సహాయకుల వస్త్రాల తెలుపు మరో రకమైన పనితనాన్ని కోరుతుంది. సన్నని నూలు గుడ్డ మడతలను చూపాలంటే సీసపు తెలుపును నీడల్లో పలుచగా, వెలుగు పడే అంచుల్లో దట్టంగా వేయాలి. లోహపు మెరుపుకు ఒక చిన్న దట్టమైన తెలుపు చుక్క చాలు. తాళపత్రానికి మెరుపు లేని గోధుమ పసుపు కావాలి. ఒక్కొక్క వస్తువు స్పర్శను కంటికి అందించగల శక్తి తైలవర్ణానికి ఉంది. ఆ శక్తి వల్లే ఈ చిత్రంలో గ్రంథమూ దూరదర్శినీ వట్టి గుర్తులుగా మిగలక, చేతిలో బరువున్న వస్తువులుగా నిలుస్తాయి. వాటిని పట్టుకున్న చేతులు పనిచేసే చేతులుగా కనిపిస్తాయి.

ఇక్కడే చిత్రంలోని వైరుధ్యం బయటపడుతుంది. విన్యాసం మెకంజీని కేంద్రంగా నిలబెట్టింది. రంగు పనితనం మాత్రం సహాయకుల ముఖాలకు వ్యక్తిత్వాన్ని ఇచ్చింది. వారు పేరులేని సేవకుల గుంపు కాదు. ముగ్గురూ ముగ్గురు వ్యక్తులు. రెండు శతాబ్దాల తరువాత కూడా వారిని పేర్లతో గుర్తించడానికి పరిశోధకులు పూనుకోవడానికి ఆ పనితనమే ఆస్కారమిచ్చింది.

6. నూనె రంగు, నీటి రంగు:
మెకంజీ సంస్థలో చిత్రలేఖకులు నిరంతరం పనిచేసేవారు. 1828లో హెచ్.హెచ్. విల్సన్ ప్రకటించిన జాబితా ప్రకారం సేకరణలో 1,568 సాహిత్య గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన ప్రతులు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు ఉన్నాయి. సర్వే చిత్రలేఖకులు పనిచేసినది ప్రధానంగా కాగితంపై, సిరాతో, నీటి రంగులతో. హికీ ఈ చిత్రం గీసిన 1816లోనే అమరావతి స్తూప శిల్పాల చిత్రణ కూడా మొదలై 1817లో కొనసాగింది.

ఒకే సంస్థలో రెండు మాధ్యమాలు రెండు విధులు నిర్వర్తించాయి. నీటి రంగు త్వరగా ఆరుతుంది, చుట్టి మోయవచ్చు, సంచికలో పెట్టవచ్చు. అది సమాచారం. నూనె రంగు ఖరీదైనది, నెమ్మదైనది, గోడకు వేలాడేది. అది కీర్తి. సమాచారాన్ని తయారుచేసిన చిత్రలేఖకులు కాగితం వెనుక ఉండిపోగా, దాన్ని కూడగట్టిన అధికారి కాన్వాసుపైకి వచ్చాడు. ముగ్గురు సహాయకులకు కాన్వాసుపై చోటు దక్కడం ఆ నియమానికి అరుదైన మినహాయింపు.

7. జ్ఞానం ఎవరిది?
మెకంజీ సేకరణపై పరిశోధనలో రెండు ధోరణులు ప్రధానం. నికోలస్ డర్క్స్ ఈ సేకరణను వలస రాజ్య జ్ఞాన వ్యవస్థలో భాగంగా వివరించి, స్థానిక స్వరాలు క్రమంగా అధికార పత్రాలుగా మారిన తీరును చూపాడు. ఫిలిప్ వాగనర్ 2003 నాటి వ్యాసంలో, కావలి సోదరుల వంటి నియోగి పండితులు తమ పూర్వ పాలనానుభవంతో ఈ జ్ఞాన నిర్మాణంలో క్రియాశీలంగా పాల్గొన్నారని వాదించాడు. రమాసుందరి మంతెన తెలుగు ప్రాంతంలో ఆధునిక చరిత్ర రచనా పద్ధతి ఏర్పడిన తీరును ఈ సేకరణతో ముడిపెట్టి 2012లో గ్రంథం రచించారు. జెన్నిఫర్ హౌస్ సేకరణలోని చిత్రాలను ప్రత్యేకంగా అధ్యయనం చేశారు.

హికీ చిత్రం ఈ రెండు ధోరణులకూ సాక్ష్యమిస్తుంది. కేంద్ర స్థానం, ఎర్రకోటు, చిత్రానికి దక్కిన పేరు మొదటి వాదాన్ని బలపరుస్తాయి. తాళపత్రం, దూరదర్శిని మెకంజీ చేతిలో గాక సహాయకుల చేతుల్లో ఉండడం రెండో వాదాన్ని బలపరుస్తుంది. గ్రంథం ఎవరి చేతిలో ఉందో చదవగలిగినదీ వారే. తెలుగు, కన్నడ, తమిళ, సంస్కృత పత్రాల అర్థం బొర్రయ్య, లక్ష్మయ్య, ధర్మయ్యల వంటివారి ద్వారానే మెకంజీకి అందింది. 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో, భారతీయ విద్యలోకి తనకు ద్వారం తెరిచినది బొర్రయ్యేనని మెకంజీ స్వయంగా అంగీకరించాడు. బొర్రయ్య 1803లోనే మరణించడంతో ఈ చిత్రంలో ఆయనకు చోటు లేదు. ఆయన స్థానంలో తమ్ముడు నిలబడ్డాడు.

చిత్రం ఇచ్చిన గౌరవాన్ని రాజ్యం ఇవ్వలేదు. 1821 మే 8న మెకంజీ మరణించాక కంపెనీ ఆ సేకరణను 10,000 పౌండ్లకు అతని భార్య నుండి కొన్నది. సేకరణను కొనసాగించే బాధ్యత తనకు అప్పగించాలని లక్ష్మయ్య కోరగా, ఏషియాటిక్ సొసైటీ పెద్దలు అంగీకరించలేదు. తరువాత ఆ పని విలియం టేలర్ అనే మతబోధకునికి దక్కింది. ఎవరు సేకరించగలరో, ఎవరు పర్యవేక్షించగలరో అన్న విభజన అక్కడ బాహాటమైంది. కాన్వాసుపై మెకంజీ పక్కన నిలిచే అర్హత ఉన్న వ్యక్తికి, అతని కుర్చీలో కూర్చునే అర్హత లేదని తేలింది.

8. నంద్యాల, ఆళ్లగడ్డ కోణం:
ఈ చిత్రాన్ని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం నుండి చూసినప్పుడు మూడు అంశాలు ముందుకు వస్తాయి.

మొదటిది, కైఫియత్తుల విలువ. ఆళ్లగడ్డ సమీపంలోని అహోబిలం వంటి క్షేత్రాల చరిత్రకు శాసనాలతో పాటు కైఫియత్తులు కూడా ఆధారాలు. శాసనం దానాన్ని చెబుతుంది. కైఫియత్తు ఆ దానం చుట్టూ జనం నిలుపుకున్న జ్ఞాపకాన్ని, తగాదాను, మాన్యాల లెక్కను చెబుతుంది. ఈ వాచకాలను అధికారికి అందించిన కరణాలు, అర్చకులు చిత్రంలో లేరు. వారికి ప్రతినిధులుగా తాళపత్రం పట్టిన ఒక చేయి మాత్రమే ఉంది.

రెండవది, కొలత పర్యవసానం. పాళెగాళ్ల వంశావళులు, ఇనాముల వివరాలు నమోదైన కొద్ది దశాబ్దాలకే ఈ ప్రాంతంలో తిరుగుబాటు చెలరేగింది. తవర్జీ, మాన్యాల వివాదాల నేపథ్యంలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కంపెనీ అతన్ని ఉరితీసింది. కైఫియత్తుల సేకరణే దీనికి కారణమనడం తొందరపాటు. కానీ భూమి, మాన్యం, వంశం అనేవి జ్ఞాపకాల నుండి దస్తావేజుల్లోకి మారిన తరువాత, వాటిపై తుది మాట దస్తావేజు ఉన్నవారిదే అయింది. ఆ మార్పు తొలి దశకు చిత్రంలోని కొలత స్తంభం గుర్తు.

మూడవది, పేరు. ‘దత్త’ అనే మాట ఇచ్చినవారి, పుచ్చుకున్నవారి దృష్టిలో పుట్టినది. ఆ భూమిపై బతికేవారి దృష్టిలో పుట్టినది కాదు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భంగా దత్త మండలాల సమావేశంలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అనే పేరును ప్రతిపాదించారు. సర్వే పటంపై రాసిన పేరును ఆ నేల ప్రజలే మార్చుకున్న సందర్భమిది. ఆ నూతన నామానికి బలమిచ్చిన విజయనగర చరిత్ర పునర్నిర్మాణంలో శాసనాలూ, మెకంజీ సేకరించిన స్థానిక చరిత్రలూ ఆకరాలయ్యాయి. పాలన కోసం పోగైన జ్ఞానం పాలితుల ఆత్మగౌరవానికి పనికొచ్చింది.

ఆళ్లగడ్డ శిల్పుల వాడుకలో చూసినా ఈ చిత్రం ఒక ప్రశ్న వేస్తుంది. శాస్త్రోక్త ప్రమాణాలతో రాతిని మలిచే శిల్పి సాధారణంగా విగ్రహంపై తన పేరు చెక్కడు. పూజ మొదలయ్యాక అది దేవుని రూపం, శిల్పి పనితనం కాదు. కార్కళ విగ్రహాన్ని ప్రతిష్ఠించిన పాలకుడు వీరపాండ్యుని పేరు శాసనంలో నిలిచింది. ఉలి పట్టిన చేతుల కంటే ఆజ్ఞ ఇచ్చిన పేరే ముందుకు రావడం వలస పాలనతో మొదలైన అలవాటు కాదు. వలస పాలన దాన్ని జ్ఞానరంగానికి విస్తరించింది.

9. ముగింపు:
హికీ రచించిన మెకంజీ చిత్రపటం ఒక అధికారి స్మారకం మాత్రమే కాదు. యుద్ధంతో గెలిచిన భూమిని కొలతతో, గ్రంథంతో, చిత్రంతో నిలుపుకునే పాలనా విధానానికి అది దృశ్య సాక్ష్యం. విన్యాసం అధికార క్రమాన్ని ప్రకటించగా, తైలవర్ణ పనితనం ఆ క్రమంలో అణగిపోవలసిన ముఖాలకు నిలకడైన ఉనికిని ఇచ్చింది. ఈ రెండింటినీ విడదీసి చదివితే చిత్రం సగమే అర్థమవుతుంది.

కైఫియత్తులను వినియోగించే పరిశోధకులకు దీని నుండి ఒక ఆచరణీయ సూచన లభిస్తుంది. ప్రతి కైఫియత్తునూ ‘మెకంజీ సేకరణ’గా ఉటంకించి వదిలేయకుండా, దాన్ని చెప్పినవారు, రాసినవారు, ప్రతి తీసినవారు, అనువదించినవారి వివరాలు లభించిన మేరకు నమోదు చేయాలి. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోని ప్రతులూ, కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వెలువరించిన కైఫియత్తు సంపుటాలూ ఆ పనికి అందుబాటులో ఉన్నాయి. నంద్యాల జిల్లాలోని కళాశాలల చరిత్ర, తెలుగు శాఖలు తమ తమ మండలాల కైఫియత్తులను ఈ దృష్టితో పరిశీలిస్తే, చిత్రంలో ఒక్క తాళపత్రంగా కుదించబడిన వందలాది స్వరాలు మళ్లీ పేర్లతో వినిపిస్తాయి.